పైకి రాని స్కాలప్‌ల లెక్క కోసం: ఉద్యమ ప్రణాళిక

వేట మూసివేసిన సముద్రంలో పరిశోధన కోసం డ్రెడ్జి దించడానికి ఎవరు ప్రత్యేక అనుమతి తీసుకున్నా, పైకి తెచ్చిన స్కాలప్‌లతో పాటు అడుగున నలిపి వదిలేసిన వాటికీ లెక్క చెప్పాలి. ఈ ఒక్క మాట మీద మేం ఏకమవుతున్నాం.

మేం అమెరికా ఈశాన్య తీరంలో, మసాచుసెట్స్, రోడ్ ఐలండ్, న్యూజెర్సీ ప్రాంతాల్లో ఉంటున్న తెలుగువాళ్ళం. మాలో మత్స్యశాస్త్రం చదివినవాళ్ళున్నారు, గణాంకాలే బతుకుతెరువైనవాళ్ళున్నారు, స్కాలప్‌లు కొని వండుకోవడం తప్ప సముద్రంతో ఇంకే సంబంధమూ లేనివాళ్ళూ ఉన్నారు. కొందరం ఉప్పాడ, భీమిలి, చీరాల వైపు నుంచి వచ్చాం. వేట నిషేధం అంటే ఏమిటో మాకు ఇంట్లోనే తెలుసు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు వేటకు వెళ్ళకూడదు. ఆ రోజుల్లో ఒక్క బోటును మాత్రం పరిశోధన కోసమని వదిలారనుకోండి. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు అది తిరిగొచ్చాక రెండు ప్రశ్నలు వేస్తారు: ఏం పట్టుకొచ్చావు? ఏం పాడుచేసి వచ్చావు? ఇక్కడి అనుమతి పత్రాల్లో మొదటి ప్రశ్నకు గడి ఉంది. రెండోదానికీ ఒక గడి కావాలి.

అట్లాంటిక్ సీ స్కాలప్ ఇరవై ఏళ్ళ దాకా బతకగల జీవి. రెండు చిప్పలను టపటపా మూసి తెరుస్తూ, నీళ్ళు చిమ్ముకుంటూ కొంత దూరం ఈదగలదు కూడా. మార్కెట్లో మనం కొనే తెల్లటి మాంసపు బిళ్ల ఆ చిప్పలను మూసే కండ. తక్కినదంతా ఓడ మీదే కోసి పారేస్తారు. కేప్ కాడ్‌కు తూర్పున ఉన్న జార్జెస్ బ్యాంక్ అనే పెద్ద మేట మీద, ఇంకా దక్షిణాన న్యూజెర్సీ నుంచి వర్జీనియా దాకా తీరానికి ఎదురుగా ఉన్న ఇసుక నేలల మీద దీన్ని వేటాడతారు. న్యూ బెడ్‌ఫర్డ్ రేవు సరుకు విలువలో రెండు దశాబ్దాలుగా అమెరికాలో మొదటి స్థానంలో నిలిచిందంటే ముఖ్యంగా దీని చలవే.

దీన్ని పట్టే సాధనం డ్రెడ్జి. సుమారు 15 అడుగుల వెడల్పున్న ఇనుప చట్రం, దాని వెనక ఉక్కు రింగులతో అల్లిన సంచి. పెద్ద ఓడలు ఇలాంటివి రెండు, చెరో పక్కన ఒకటి, సముద్రపు నేల మీద ఈడ్చుకుంటూ పోతాయి. చిన్న స్కాలప్‌లు సంచిలోంచి జారిపోవాలని 2004లో రింగును 4 అంగుళాలకు పెంచారు. మంచి నిబంధన, దాన్ని మేం మనసారా సమర్థిస్తాం. కానీ జారిపోయినవన్నీ బతుకుతాయని ఆ రింగు హామీ ఇవ్వలేదు. డ్రెడ్జి తన దారిలో ఉన్న స్కాలప్‌లలో చాలావాటిని ఎలాగూ పట్టుకోలేదు. కొన్ని చట్రం కింద పడతాయి, కొన్ని రాళ్ళకూ ఇనుముకూ మధ్య నలుగుతాయి. ఓడ ముందుకు సాగిపోతుంది.

వాటికి ఏమవుతుందో చూసినవాళ్ళున్నారు. కెనడాలో పనిచేసిన మత్స్య పరిశోధకుడు జాన్ కాడీ జలాంతర్గామి వాహనంలో షలూర్ అఖాతం అడుగుకు దిగి, డ్రెడ్జి వెళ్ళిన దారులను కళ్ళారా పరిశీలించి 1973లో ఆ వివరాలు ప్రచురించారు. పెద్ద డ్రెడ్జి ఒక్కసారి వెళ్తే, దారిలో మిగిలిపోయిన స్కాలప్‌లలో కనీసం 13 నుంచి 17 శాతం చచ్చేంతగా దెబ్బతింటున్నాయని ఆయన అంచనా వేశారు. మమ్మల్ని ఇంకా ఎక్కువగా కలవరపెట్టింది ఆయన చూసిన మరో సంగతి. డ్రెడ్జి వెళ్ళిన గంటలోపే చేపలు, పీతలు ఆ దారిలోకి వచ్చిపడ్డాయి. బయటి నేల మీద కంటే 3 నుంచి 30 రెట్లు ఎక్కువగా అక్కడ మూగాయి. అంటే నలిగిన స్కాలప్ ఎక్కువసేపు సాక్ష్యంగా ఉండదు. వారం తర్వాత కెమెరా దించినవారికి శుభ్రమైన నేల కనిపించవచ్చు.

తర్వాత 1989లో మురావ్‌స్కీ, సెర్చుక్ అనే పరిశోధకులు న్యూయార్క్‌కు దక్షిణంగా ఉన్న మధ్య అట్లాంటిక్ ఇసుక నేలల మీద చూస్తే, ఇలాంటి నష్టం 5 శాతం లోపే తేలింది. ఒకటి తప్పు, ఇంకొకటి ఒప్పు అని మేం అనడం లేదు. నేల మారితే చావు మారుతుంది. రాళ్ళ నేలా ఇసుక నేలా ఒకటి కావు. అందుకే ఎక్కడో ఎప్పుడో తీసిన అంకెను అన్ని చోట్లా అంటించడానికి మేం ఒప్పుకోం. ఏ నేల మీద అనుమతి ఇస్తే ఆ నేల మీదే కొలవాలి.

ఈ అనుమతులు 1976 నాటి మాగ్నసన్–స్టీవెన్స్ చట్టం కింద వస్తాయి. ఇక్కడి తీరానికి వాటిని గ్లాస్టర్‌లో ఉన్న జాతీయ మత్స్యశాఖ ప్రాంతీయ కార్యాలయం ఇస్తుంది. అనుమతి ఉన్న ఓడ, అందులో రాసిన మేరకు, మూసివేసిన ప్రాంతంలోకి వెళ్ళవచ్చు, సిబ్బంది పరిమితి దాటవచ్చు, చిన్న స్కాలప్‌లను కొలతల కోసం కాసేపు ఉంచుకోవచ్చు, కొత్త రకం డ్రెడ్జిని పరీక్షించవచ్చు. దరఖాస్తులో ఏ జాతులు ఎంత పడతారో, ఎక్కడ, ఎప్పుడు, ఏ సాధనంతో పడతారో చెప్పాలి. పని ముగిశాక 6 నెలల్లోపు, పట్టినదాని నివేదిక ఇవ్వాలి. అడుగున చచ్చింది పట్టిన సరుకు కాదు గనక ఆ లెక్కలోకి దానంతటది రాదు. అయితే కార్యాలయం అవసరమనుకుంటే ఇతర సమాచారమూ అడగవచ్చని అదే నిబంధన చెబుతోంది. కొత్త చట్టం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. ఉన్న అధికారాన్ని వాడితే చాలు.

మమ్మల్ని పరిశోధనకు అడ్డుపడేవాళ్ళుగా చూడొద్దు. 1994 డిసెంబరులో జార్జెస్ బ్యాంక్, నాన్‌టకెట్ పరిసరాల్లో సుమారు 17,000 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని మూసింది కాడ్, ఫ్లౌండర్ లాంటి అడుగు చేపల కోసం. డ్రెడ్జి ఆగడంతో అక్కడ స్కాలప్ రాశి 1998 నాటికి 14 రెట్లు పెరిగింది. ఆ సంగతి బయటపడింది మూసిన నీళ్ళలోకి కొలవడానికి వెళ్ళినవాళ్ళ వల్లే. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం డార్ట్‌మత్ ప్రాంగణానికి చెందిన కెవిన్ స్టోక్స్‌బరీ బృందం వేటగాళ్ళ ఓడల మీద వెళ్ళి, చట్రానికి కెమెరాలు బిగించి అడుగుకు దించి, స్కాలప్‌లను ఒక్కటీ చంపకుండా లెక్కపెట్టే పద్ధతిని 1999 నుంచి నడిపిస్తోంది. డ్రెడ్జి దించేముందూ, దించిన వెంటనే కూడా అలాంటి కెమెరా అదే దారిని చూడాలని మేం కోరడం గొంతెమ్మ కోరిక కాదు. పరికరం ఉంది, నడిపే చేతులున్నాయి.

చావు మొత్తాన్ని డ్రెడ్జికే అంటగట్టడం అన్యాయం. దాని దాకా పోకుండా చచ్చేవి చాలా ఉన్నాయి. నాన్‌టకెట్ లైట్‌షిప్ దగ్గర మూసిన ప్రాంతంలో 2000ల నడుమ ముదిరిన స్కాలప్‌లు పెద్దయెత్తున చచ్చాయి. ఐస్‌లాండ్‌లోని బ్రేడాఫ్యోర్డర్‌లో స్కాలప్ వేట కుప్పకూలడం వెనక ఒక సూక్ష్మ పరాన్నజీవి ఉందని తేలింది. ఆ జీవి కండను బూడిద రంగుకు తిప్పుతుంది, ఇక్కడి స్కాలప్‌లలోనూ దొరికింది. నీళ్ళు వేడెక్కుతున్న కొద్దీ దక్షిణపు మేటల మీద పిల్ల స్కాలప్‌లు నిలవడం కష్టమవుతోంది. ఇలా తనంత తాను చచ్చిన స్కాలప్ చిప్పలు కొన్ని నెలల పాటు కీలు ఊడకుండా, లోపల ఖాళీగా జంటగా ఉండిపోతాయి. వాటిని వేటగాళ్ళు క్లాపర్లు అంటారు. 1964లో మెరిల్, పోస్గే అనే పరిశోధకులు ఆ క్లాపర్లను బతికున్నవాటితో పోల్చి, ఏడాదికి సుమారు 10 శాతం సహజంగా చస్తున్నాయని లెక్కగట్టారు. ఆ అంకె మీదే దశాబ్దాల పాటు నిల్వల అంచనాలు సాగాయి. క్లాపరు కీలు ఇంకా మెత్తగా ఉందా, ఎండి పెళుసైందా, లోపల నాచు పట్టిందా అని చూస్తే చావు కొత్తదో పాతదో తెలుస్తుంది. పగిలిన చిప్ప వేరు, ఖాళీ జంట వేరు. ఓడ మీద ఈ రెండింటినీ ఒకే బుట్టలో పోస్తే సముద్రం చెప్పినదాంట్లో సగం పోయినట్టే. అనుమతి ఉన్న ప్రతి ఓడా వీటిని విడివిడిగా రాయాలి. డెక్కు మీద చిన్న స్కాలప్‌లు ఎంతసేపు ఎండలో ఉన్నాయో, గాలి ఎంత వేడిగా ఉందో కూడా రాయాలి. తిరిగి నీళ్ళలో వేసినవాటి బతుకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

డబ్బు సంగతి దాచిపెట్టం. స్కాలప్ పరిశోధనకు ఏటా కోటాలోంచి కొంత సరుకు పక్కన పెడతారు. 2011 నుంచి అది 12.5 లక్షల పౌండ్లు. ఆ తర్వాత గల్ఫ్ ఆఫ్ మెయిన్ వాటా కొంత కలిసింది. ఎంపికైన పరిశోధకులు ఆ సరుకును ఓడల చేత పట్టించి, అమ్మి, ఆ సొమ్ముతో పరిశోధన నడుపుతారు, ఓడకూ కూలి ఇస్తారు. ఈ పద్ధతి లేకపోతే ఇంత పని జరిగేది కాదని మేం నమ్ముతాం. అయితే అందరి సముద్రం నుంచి వచ్చిన సొమ్ము గనక ఫలితమూ అందరిదే కావాలి. అనుకున్నట్టు రాని పరీక్షలూ, పాడైన డ్రెడ్జి లాగుళ్ళూ, అంకెలు సరిపోని రోజులూ అన్నీ ఒకే చోట, ఎవరైనా తెరిచి చూసేలా ఉండాలి. కొత్త డ్రెడ్జి పనిచేయలేదన్న వార్త కూడా ఇంకో ఓడ మళ్ళీ అదే నేలను దున్నకుండా ఆపుతుంది.

ఓడల మీద పనిచేసేవాళ్ళతో మాకు తగాదా లేదు. మూసిన నేల తెరిచినప్పుడు మంచి ఫలసాయం దొరకాలని అందరికంటే ఎక్కువ కోరుకునేది వాళ్ళే. బూడిద కండను ముందుగా పట్టుకునేది కత్తి చేతపట్టి చిప్ప విప్పే మనిషే. ఆ మనిషి చూసినది నివేదికలో చేరాలి, ఆ పనికి అదనంగా కూలి దక్కాలి. కెమెరా ఖర్చు చిన్న ఓడ మీద పడకూడదు. పక్కన పెట్టిన సరుకు సొమ్ములోంచే అది రావాలి.

ఇక పని. అనుమతి ఇచ్చేముందు ఫెడరల్ రిజిస్టర్‌లో నోటీసు వేసి, 15 నుంచి 45 రోజుల గడువులో ఎవరి అభిప్రాయమైనా తీసుకోవాలని నిబంధన. పౌరసత్వం అడగరు. ఆ గడువును వదలకూడదని నిర్ణయించుకున్నాం. స్కాలప్ డ్రెడ్జి ప్రస్తావన ఉన్న ప్రతి నోటీసునూ మాలో ఇద్దరు మొదటి వారంలో చదువుతారు. ఒకరు మత్స్యశాస్త్రం తెలిసినవారు, ఇంకొకరు బొత్తిగా తెలియనివారు. ఆ రెండోవారికి అర్థంకానిదేదైనా అలాగే ప్రశ్నగా వెళ్తుంది. ఏ నేల, ఎన్ని లాగుళ్ళు, ముందు వెనక కెమెరా ఉందా, క్లాపర్లు విడిగా రాస్తారా, నివేదిక ఎప్పుడు ఎక్కడ పెడతారు అన్నవి ప్రతి ఉత్తరంలో ఉంటాయి. పని ముగిశాక ఆరో నెలలో నివేదిక కోసం మళ్ళీ రాస్తాం. చేరాలనుకునేవారు రుసుమేమీ కట్టనక్కర్లేదు. ఏడాదిలో ఒక్క నోటీసైనా చదివి సంతకం పెట్టి ఉత్తరం పంపితే మా సభ్యులే.