అనువాద పఠన సభలు మనకెందుకు?

అంతర్జాతీయ బుకర్ బహుమతి ప్రకటించే ముందు, తుది జాబితాలోని పుస్తకాలను లండన్‌లో అందరి ముందు చదివి వినిపించే ఆనవాయితీ ఉంది. 2025లో ఆ బహుమతి కన్నడ కథలకు దక్కింది. హాసన్‌కు చెందిన బాను ముష్తాక్ రాసిన 12 కథలను దీపా భాస్తి ఇంగ్లీషులోకి తెచ్చారు. 50,000 పౌండ్లను రచయిత్రికి, అనువాదకురాలికి సమానంగా పంచారు. 2022లో హిందీ నవల గెలిచింది. తెలుగు వంతు ఇంకా రాలేదు.

మంచి అనువాదానికి రెండు భాషల మధ్య బతికిన మనుషులు కావాలి. హొసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్‌లలో అలాంటివి మన ఇళ్లే. అయితే మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. తమిళనాడులో 2006 నాటి చట్టం బడిలో తమిళాన్ని తప్పనిసరి చేశాక ఈ చిక్కు ఇంకా పెరిగింది.

పఠన సభ అక్కరకొచ్చేది ఇక్కడే. వినడానికి అక్షరాలు రానక్కర్లేదు. పెద్దలు ఒక తెలుగు కథ చదవాలి. దాన్నే పిల్లలు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో వినిపించాలి. పొరుగువారినీ పిలవాలి.

సెప్టెంబరు 30ని అంతర్జాతీయ అనువాద దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి 2017లో గుర్తించింది. ఉగాదికి హాలు మాట్లాడే మన సంఘాలు ఆ సాయంత్రానికీ మాట్లాడవచ్చు. దీంతో తెలుగు బడి లేని లోటు తీరదు. బడి కోసం మన అడుగులు ఆగకూడదు. కానీ ఇంట్లో మాటకు పుస్తకం ఉందని పిల్లలకు తెలుస్తుంది. రేపటి అనువాదకులు అక్కడి నుంచే రావాలి.