ఎరుపు కాదు, తోక చూడండి

దసరా దాటిందంటే గౌలిపుర వేపచెట్లలో ఒక కొత్త చప్పుడు మొదలవుతుంది. 'ట్ర్‌ర్‌ర్'... పాత చేతి గడియారానికి గబగబా కీ తిప్పినట్టు. ఆ చప్పుడు చేసేది పిచ్చుక కన్నా చిన్నది, బరువు పది గ్రాములకు అటూ ఇటూ. పేరే పొడుగు: రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్. మనం ఎర్రగొంతు ఈగపట్టు పిట్ట అనుకుందాం.

చిక్కంతా ఈ పేరుతోనే. జనం ఎరుపు కోసం వెతుకుతారు, కనబడదు, 'ఆడ పిచ్చుకేలే' అని వెళ్లిపోతారు. గొంతు మీద ఆ నారింజ రంగు ఎదిగిన మగదానికే ఉంటుంది. ఆడవి, కుర్ర మగవి పైన మట్టిరంగు, కింద మాసిన తెలుపు. అందుకే తోక చూడమంటాను. నల్లటి తోక, మొదట్లో రెండు పక్కలా తెల్ల మచ్చలు. కొమ్మ మీద వాలగానే రెక్కలు కాస్త కిందికి జార్చి, తోక టక్కున పైకెత్తుతుంది. పిచ్చుకకి ఈ షోకు లేదు. దాని ముక్కు గింజలు కొరికే లావు ముక్కు, దీనిది సన్నం.

దీనికి సైబీరియా వైపు ఒక దాయాది ఉంది, టైగా ఫ్లైక్యాచర్. సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యంలో పిట్టల సర్వే చేశారు. ఆయన తరం పుస్తకాల్లో రెండూ ఒకే జాతి. ఇప్పుడు వేరు చేశారు. టైగాకి ముక్కు మొత్తం నలుపు, తోక మొదలును కప్పే ఈకలు ఇంకా కారునలుపు. మనదానికి కింది ముక్కు మొదట్లో లేతరంగు. డిసెంబరులో గొంతు ఎర్రగా కనబడితే దాదాపు మనదే. టైగా మగది చలికాలంలో ఆ రంగు వదిలేస్తుంది.

ఈ పిట్ట పుట్టేది తూర్పు యూరప్ నుంచి పడమటి సైబీరియా దాకా ఉన్న అడవుల్లో. యూరప్‌లోని ఈగపట్టు పిట్టల్లో చాలావరకు చలికి ఆఫ్రికా పోతే, ఇది మాత్రం ఇటు తిరిగి మన దేశం వస్తుంది!

వచ్చి ఏం చేస్తుంది? నీడగా ఉన్న కింది కొమ్మ చూసుకుని ఒంటరిగా కాపు కాస్తుంది. గాల్లో పురుగు పడుతుంది, నేలమీద చీమ కనబడితే దూకి మళ్లీ కొమ్మెక్కుతుంది.

మా గల్లీ వేపచెట్టుని ఈ చలికాలమే కొట్టేస్తామన్నారు. ఆకులు రాలుతున్నాయట, కరెంటు తీగలకు తగులుతున్నాయట. తీగలకు తగిలే పై కొమ్మలు నరకండి, నేను కాదనను. మొత్తం కొట్టాలంటే మాత్రం 2002 వాల్టా చట్టం కింద అనుమతి కావాలి అన్నాను. ఇంటి పెద్దాయన నవ్వి, "పిట్ట కోసం కేసేస్తవా బిడ్డా?" అన్నారు.

"కేసెందుకు తాతా, ఏప్రిల్ దాకా ఆగుండ్రి. అప్పటికి అదే పోతది."

పై కొమ్మలు మాత్రం నరికించి ఊరుకున్నారు. అక్టోబరుకి ఆయన్ని మళ్లీ అడగాలి.