లేని బస్సుకు లెక్కెవరు రాస్తారు?

నగర రవాణా మీద పరిశోధన చేసేవాళ్లకు ఒక మాటంటే ఇష్టం: అందుబాటు. 1959లో వాల్టర్ హాన్సెన్ అనే అమెరికా పరిశోధకుడు దానికి ఒక లెక్క కట్టాడు. ఒక చోట బతికే మనిషికి చుట్టూ పనులు, బడులు, అంగళ్లు ఎన్ని ఉన్నాయి, వాటిని చేరడానికి ఎంత పాటు పడాలి అన్నది ఆ లెక్క సారం. మంచి లెక్కే. రోడ్డు వెడల్పు, బండి వేగం చూసి మురిసిపోయే ఇంజనీర్లను మనిషి వైపు తిప్పింది. మా తగాదా ఆ లెక్కతో కాదు, దాన్ని ఎక్కడ మొదలుపెడుతున్నారన్న దానితో.

ఇప్పుడు ఆ పనంతా కంప్యూటర్ చేస్తుంది. బస్టాపులు, టైములు రాసిన ఫైలు ఒకటి చేతికిస్తే చాలు, ఏ వీధి నుంచి ముప్పావు గంటలో ఎన్ని ఉద్యోగాలు చేరొచ్చో రంగుల పటం గీసిస్తుంది. ఆ పటం బస్టాపు దగ్గర మొదలవుతుంది. పెద్దపంజాణి చుట్టుపక్కల ఎరుకల ఇండ్లకో, యానాదుల గుడిసెలకో, ఈ పడమటి మండలాల సుగాలి తండాలకో బస్టాపు దాకా పొయ్యేదే సగం ప్రయాణం. పల్లెవెలుగు ఈ పొద్దు వచ్చిందా రాలేదా, ఆఖరి బస్సు తప్పినామె షేర్ ఆటోకు ఎంత ఇచ్చింది అన్నది టైముల పట్టికలో ఉండదు.

అడిగితే ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: ఆ దావలో జనం ఎక్కరు, బస్సు గిట్టదు. ఎక్కరని ఎట్ల తెలిసింది? టికెట్ల లెక్క చూసి. బస్సే లేనిచోట టికెట్ ఎవరు కొడతారు? బావి తవ్వకుండా ఈ ఊర్లో నీళ్లు తోడేవాళ్లు లేరన్నట్లుంది.

2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీశక్తి వచ్చింది. పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు సున్నా టికెట్. దాన్ని తక్కువ చేయం. కూలికి పొయ్యే ఆడమనిషికి దినం కొంత మిగలడం చిన్న సంగతి కాదు. ఇక ఈ సున్నా టికెట్లను ఏరుకొని వ్యాసాలు వస్తాయి, ఆడవాళ్ల అందుబాటు ఇంత పెరిగిందని. అవి బస్సు ఎక్కినామె గురించి చెబుతాయి. బస్సు రాని ఊరి ఆడమనిషి ఆ పట్టికలో సున్నాగా కూడా కనబడదు.

మాది సరిహద్దు మండలాల బతుకు. పలమనేరు దాటి కొంచెం పోతే కర్ణాటక. కట్టడం పనులకు, ఇంటిపనులకు బెంగళూరు పోతాం. స్త్రీశక్తి రాష్ట్రం దాటే బస్సులకు చెల్లదు. 2023 జూన్ 11న కర్ణాటక తెచ్చిన శక్తి పథకం ఆ రాష్ట్రపు ఆడవాళ్లకే. అంటే మా ఆడమనిషి పోతూ టికెట్ కొంటుంది, అక్కడ సిటీ బస్సులోనూ కొంటుంది. ఆ నగరం మేడలు కట్టిన చేతికి రెండు ప్రభుత్వాల ఉచితమూ అందదు. బెంగళూరు రవాణా మీద రాసేవాళ్లు నగరం పొలిమేరలో గీత గీసి లోపల లెక్క పెడితే, తెల్లారకముందే బయటినుంచి దిగే ఈమె ఎవరి లెక్క?

ఇక మోత. వెదురు గంపలు, చాటలు, ఈత చీపుర్లు కట్టలు కట్టుకొని సంతకు పొయ్యేవాళ్లం. ప్రయాణికుడు అంటే ఒక సంచీ, ఒక ఫోను ఉన్న మనిషని పరిశోధన అనుకుంటే, గంపతో ఉన్న మనిషికి బస్సు ఆగినా అందుబాటు కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం బస్సులు వాళ్లకు అనువుగా ఉండాలంటుంది. పల్లెవెలుగు మెట్టు ఎత్తు చూడండి. కాలు సరిగా లేని మనిషిని ఇద్దరు పట్టి ఎక్కించాల్సిందే.

చేయాలనుకుంటే చేయొచ్చు. మెట్రో పనుల కోసం ఖాళీ చేయించి హోలంబీ కలాన్‌కు తోలిన గుడిసెవాసుల దగ్గరికి ఢిల్లీ ఐఐటీ నుంచి అన్విత అరోరా, గీతం తివారీ వెళ్లారు. పని, బడి, ఆసుపత్రి వాళ్లకు ఎంత దూరమయ్యాయో, బస్సు కోసం నిలబడే సేపు ఎంత పెరిగిందో 2007లో రాశారు. మెట్రో ఎక్కినవాళ్లను మాత్రమే లెక్కపెట్టి ఉంటే అది తెలిసేదే కాదు.

మా సంగతి ఇంకో రకం. గిరిజనుల మీద పరిశోధన అంటే పాడేరు, అరకు పోతారు. రవాణా మీద పరిశోధన అంటే హైదరాబాద్ పోతారు. షెడ్యూల్డు ప్రాంతమూ కాక, నగరమూ కాక ఉన్న మైదానపు గిరిజనులం ఇద్దరికీ దావలో దొరకం.

కాబట్టి విశ్వవిద్యాలయాల పెద్దలకు చెప్పేది ఇది. గుడిసె వాకిట్లో గడియారం మొదలుపెట్టండి. తలమీద మోత ఎంతో రాయండి. ఆఖరి బస్సు పోతే రాత్రి ఎక్కడ పండుకుంటావని అడగండి. పోయినంత సేపే కాదు, తిరిగి ఇల్లు చేరినంత సేపూ లెక్కలో కలపండి. రాసింది తెలుగులో అచ్చేసి మండలాఫీసులో, డిపోలో, మా గుడిసెల దగ్గర ఇవ్వండి. తప్పులుంటే మేమే దిద్దుతాం.