అన్నం దగ్గర టోపీ

మన భాషలో టోపీకి పెద్ద మర్యాద లేదు. "వాడు నాకు టోపీ వేశాడు" అంటే మోసం చేశాడని అర్థం. మర్యాదంతా తలపాగాదే. నలుగురిలో ఒకరి తలపాగా తీయించడమంటే పరువు తీయడమే. అందుకే, తల మీద ఉన్నది తీయడమే గౌరవం అనే పద్ధతి మనకి ఒక పట్టాన ఎక్కదు.

ఈ మధ్య మన ఇళ్ళల్లో క్రూజ్ ప్రయాణాలు ఎక్కువయ్యాయి. అమెరికాలో ఉన్న పిల్లలు వేసవిలో అమ్మానాన్నల్ని రప్పించుకుని, సియాటిల్‌లో ఓడ ఎక్కించి, ఏడు రాత్రులు అలాస్కా తిప్పి తీసుకొస్తున్నారు. తిరిగొచ్చాక అందరికీ మంచుకొండల ఫొటోలు చూపిస్తారు. భోజనాల గదిలో జరిగిన గొడవలు మాత్రం ఆడవాళ్ళం ఫోన్లో చెప్పుకుంటాం.

ఆ ఓడల్లో తినడానికి రకరకాల చోట్లుంటాయి. బఫేలో ఎవరి ప్లేటు వాళ్ళు పట్టుకుని తింటారు. అక్కడ టోపీ సంగతి ఎవరికీ పట్టదు. మెయిన్ డైనింగ్ రూమ్ అలా కాదు. బల్లల మీద తెల్లగుడ్డలు, పక్కన నిలబడి వడ్డించేవాళ్ళు, ఒక్కోసారి మన బల్ల దగ్గరే ముఖపరిచయం లేని ఇంకో కుటుంబం. వారంలో ఒకటో రెండో రాత్రులు ఫార్మల్ నైట్ అని అందరూ ముస్తాబై వస్తారు. బేస్‌బాల్ టోపీతో రెస్టారెంట్‌లోకి రావద్దని సెలబ్రిటీ కంపెనీ నియమం. కార్నివాల్ వాళ్ళు ఎలిగెంట్ నైట్ డిన్నర్‌కి వద్దంటారు.

ఇది ఓడవాళ్ళు పుట్టించిన నియమం కాదు, పాశ్చాత్యుల పాత మర్యాదే. మగవాడు లోపలికి రాగానే టోపీ తీయాలి. ఆడవాళ్ళు గౌనుకి తగ్గట్టు పెట్టుకున్న అలంకారం టోపీ ఉంచుకోవచ్చు. ఆ రోజుల్లో వాటిని పొడుగాటి పిన్నులతో జుట్టుకి బిగించేవారు, మాటిమాటికీ తీసి పెట్టుకోవడం కుదిరే పని కాదు. కానీ ఎండకి పెట్టుకునే వెడల్పు అంచు టోపీకి, బేస్‌బాల్ టోపీకి ఈ వెసులుబాటు లేదు. ఆడపిల్లయినా తీయాల్సిందే.

"అంత డబ్బు పోసి వెళ్ళాం, మా తల మా ఇష్టం" అనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. మన ఇంటికొచ్చిన విదేశీయుడు గుమ్మంలో బూట్లు విప్పితే, చెప్పకుండానే తెలుసుకున్నాడని మురిసిపోతాం. మరి వాళ్ళ గుమ్మం దగ్గర మనకెందుకంత పంతం? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుండటం గొప్పేమీ కాదు.

అయితే ఈ మర్యాద మన ఇళ్ళల్లో ఎవరి తల మీద పడుతోందో చూడండి. మా వదిన చెప్పిన సంగతిది. మామగారికి డెబ్బై దాటాయి. ఓడలో ఏసీ చలికి చెవిపోటు వస్తుందని మంకీ క్యాప్ పెట్టుకునే భోజనానికి వచ్చారట. "నాన్నా, ముందది తీసెయ్, అందరూ చూస్తున్నారు" అన్నాడు కొడుకు. ఆయన తీసి జేబులో పెట్టుకుని, తలొంచుకుని తిన్నారట. మర్నాటి నుంచి "నాకు ఆకలిగా లేదు, గదిలోకే ఏదైనా తెచ్చెయ్యండి" అన్నారు. అదే బల్ల దగ్గర పదిహేనేళ్ళ మనవడు రోజూ బేస్‌బాల్ టోపీతోనే కూర్చున్నాడు. వాణ్ణి అన్నవాళ్ళు లేరు. ఏమన్నా అంటే లేచిపోతాడని భయం! ఎదురు చెప్పని మనిషికే మర్యాదలు నేర్పడం మనకి బాగా అలవాటు.

పిల్లాడి టోపీ సోకు కోసం. పెద్దాయనది చలి కోసం. రెండిటికీ ఒకటే తీర్పు చెప్పకూడదు. ఏసీ గాలి తగలని బల్ల అడిగితే వడ్డించేవాళ్ళు చూసిపెడతారు. చెవుల్లో దూది పెట్టుకుని శాలువా కప్పుకోవచ్చు. అదీ కుదరకపోతే ఆ పూట ఇంటిల్లిపాదీ బఫేకే వెళ్ళొచ్చు. పెద్దాయన్ని గదిలో వదిలేసి మిగతావాళ్ళు సూట్లేసుకుని తినే విందులో మర్యాద ఎక్కడుంది?

పక్క బల్ల వాళ్ళ సంగతి అసలు మనకొద్దు. సిక్కుల తలపాగా, ముస్లిం స్త్రీల హిజాబ్, యూదుల చిన్న టోపీ ఈ నియమం కిందికి రావు. ఇంకో మాట. కీమోథెరపీతో జుట్టు రాలిన మనిషి, ఒంట్లో ఓపికున్నప్పుడే నలుగురితో తిరిగి రావాలని ఓడెక్కి ఉండొచ్చు. ఎవరి టోపీ కింద ఏముందో మనకేం తెలుసు? అందుకే నా మటుకు ఒకటే లెక్క. ఎవరి టోపీ వాళ్ళే తీసుకోవాలి. ఇంకొకరి తల మీదికి మన చెయ్యి గానీ, చూపు గానీ వెళ్ళకూడదు.

బయల్దేరే ముందే ఇంట్లో ఈ మాట అనుకుంటే మంచిది. పిల్లాడికి "అన్నం దగ్గర టోపీ తియ్యి నాన్నా" అని గట్టిగానే చెప్పాలి. పెద్దాయన్ని మాత్రం ముందు "చెవులకి చలేస్తోందా?" అని అడగాలి.