ఏ పాటకు ఆ కొలబద్ద

శుక్రవారము విడుదలైన చిత్రమును గూర్చి శనివారపు పత్రికలో వచ్చు సమీక్షను చదువు అలవాటున్నవారికి ఒక వాక్యము చిరపరిచితము. కథ, కథనము, నటుల అభినయము, పోరాట ఘట్టములు వరుసగా విచారింపబడిన పిదప, ఛాయాగ్రహణమునకును కూర్పునకును నడుమ ఎక్కడనో ఇరికించి, పాటలు వినసొంపుగా నున్నవనియో, సంగీతము ఫరవాలేదనియో పలికి సమీక్షకుడు చేతులు దులిపికొనును. ఐదారు పాటలు, ముగ్గురు నలుగురు కవులు, అంతకు మించిన గాయకులు, వేణువు మొదలు డప్పు వరకు వాయించిన వాద్యకారులు, వీరందరి నెలల తరబడి పరిశ్రమకు మన పత్రికలు కేటాయించిన చోటు అర్ధవాక్యము. చిత్రము పేరు జనులు మరచిన ఇరువదియేండ్లకును పాట పెండ్లిపందిళ్ళలోను, బస్సులలోను, వంటయిండ్లలోను బ్రదికియే యుండును. అయినను మన యొద్ద చిత్రమునకు తీర్పు కలదు గాని పాటకు లేదు.

ఆల్బమ్ అను మాట పుట్టుకలోనే ఒక పాఠమున్నది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత గ్రామఫోను ప్లేటు ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషముల పాటకు మాత్రమే చోటిచ్చెడిది. అంతకంటె దీర్ఘమైన రచనను వినగోరువారి కొరకు అట్టి ప్లేట్లను పెక్కింటిని, ఛాయాచిత్రముల పుస్తకమువలె కట్టిన అట్టసంచులలో అమర్చి అమ్మెడివారు. ఆ పుస్తకము పేరే పిమ్మట పాటల సంపుటికి సంక్రమించినది. 1948లో కొలంబియా సంస్థ ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా పట్టు ప్లేటును తెచ్చిన తరువాత, ఏ పాట ముందు రావలెను, ఏ పాటతో మొదటివైపు ముగియవలెను అను కూర్పు సైతము రచనలో భాగమైనది. శతకములోని పద్యము ఒంటిగా చదివినను చెల్లును గాని, ప్రబంధములోని పద్యమును దాని స్థానమునుండి పెకలించి చూచిన సగము రుచి పోవును. ఆల్బమ్ శతకమునుండి ప్రబంధమునకు జరిగిన ప్రయాణ మట్టిది.

మన సీమలో ఆ ప్రయాణము ఇప్పుడు వెనుకకు మరలినది. సినిమాహాలు వాకిట అమ్మిన పాటల పుస్తకము, ఒకవైపు ముగియగానే తిప్పి పెట్టుకొన్న కాసెట్టు, పాటలన్నియు ఒక్కనాడే వెలువడిన ఆడియో వేడుక, ఇవి గతించి, ఒక్కొక్క పాటను నెలకొకటిగా విడుదల చేయు ఆచారము పాదుకొన్నది. 2020 సంక్రాంతికి వచ్చిన 'అల వైకుంఠపురములో' చిత్రములోని 'సామజవరగమన' 2019 సెప్టెంబరులోనే వినవచ్చినది. చిత్రము తెరమీదికి వచ్చునాటికి ఆ పాట జనుల నోళ్ళలో నలిగి పాతబడినది. స్పాటిఫై వంటి వేదికలలో ముప్పది సెకండ్లు విన్నచో ఒక వినికిడిగా లెక్క. కనుక ఆ ముప్పది సెకండ్లలోనే శ్రోతను పట్టి నిలుపవలెనను ఆరాటము స్వరకర్తను వెన్నాడుట సహజము. పల్లవికి ముందు మెల్లమెల్లగా వాతావరణమును కల్పించు దీర్ఘ వాద్యగోష్ఠికి ఈ లెక్కలో చోటు కరవగును. ఈ మార్పును కనిపెట్టి చెప్పవలసినవాడు సమీక్షకుడు, ఆతడే లేడు.

లేనిచో నష్టమేమి, జనులే తీర్పరులు కదా, కోటానుకోట్ల వీక్షణములే ప్రమాణము కదా యని కొందరందురు. ఎన్ని బస్తాలు అమ్ముడుపోయినవో కాటా చెప్పును. బియ్యము పాతవో క్రొత్తవో వండి చూచినవాడు చెప్పవలెను. 'ఆర్.ఆర్.ఆర్.' ఆల్బమునే తీసికొందము. కీరవాణి స్వరపరచగా చంద్రబోసు వ్రాసిన 'నాటు నాటు' 2023 మార్చిలో ఆస్కార్ బహుమానము పొందినది. అది మన కందరకును గర్వకారణము. కాని అదే ఆల్బమ్‌లో సుద్దాల అశోక్ తేజ రచించిన 'కొమురం భీముడో' కలదు. మొదటి పాటను రాహుల్ సిప్లిగంజ్‌తో కలిసి పాడిన కాలభైరవయే రెండవ దానిని ఒంటిగా పాడి జాతీయ పురస్కార మందుకొనెను. ఒక గొంతు, రెండు పాటలు. రెండింటి నడుమ ఎంత దూరము! 'నాటు నాటు'లో మాట దరువుకు బానిస. పల్లెటూరి ఉపమానములు ఒకదానివెంట నొకటి దూసికొనివచ్చి, అర్థము తెలియుటకు ముందే అడుగు కదలును, కదలవలెను. 'కొమురం భీముడో'లో దరువే మాటకు దాసి. కొరడా దెబ్బకును దెబ్బకును నడుమ గొంతు సాగును, సాగి ఆగును, ఆ ఆగుటలోనే పాట యున్నది. మొదటిదానిలో తత్త్వము లేదనువాడును, రెండవదానిలో ఊపు లేదనువాడును ఒక్క తప్పే చేయుచున్నారు.

ఆ తప్పునకు మందు మన అలంకారశాస్త్రమందే కలదు. పదునొకండవ శతాబ్ది కాశ్మీరమున క్షేమేంద్రుడు ఔచిత్యమును కావ్యమునకు జీవితమనెను; కంఠమున దాల్చవలసిన హారమును నడుమునకు చుట్టిన నవ్వులపాలగుట తప్ప వేరు ఫలము లేదని అతని అభిప్రాయము. 'సామజవరగమన' అను ఒక్క సంబోధనను చూడుడు. త్యాగరాజు హిందోళములో కృష్ణుని పిలిచిన పిలుపది. 1980లో విడుదలైన 'శంకరాభరణము'లో వేటూరి దానికి తన పలుకులు చేర్చగా కె.వి. మహదేవన్ చేతిలో అది యువజంట పాటయైనది. నలుబదియేండ్లకు సిరివెన్నెల సీతారామశాస్త్రి అదే మాటను ఒక పడుచును గూర్చి ప్రయోగింప, తమన్ స్వరములో సిద్ శ్రీరామ్ పాడెను. మూడును మూడు జాతులు. కృతికి రాగనిష్ఠ కొలబద్ద. రెండవదానికి కథలోని సందర్భము కొలబద్ద. మూడవదానికి ఒక్క వినికిడిలో నాలుకకు పట్టు సౌలభ్యము కొలబద్ద. దేవుని పిలుపు పడుచు పాలైనదని వాపోవువాడు కృతికొలతతో చిత్రగీతమును కొలుచుచున్నాడు. గాయకుని తెలుగు ఉచ్చారణపై శ్రోతలలో లేచిన వాదము మాత్రము సబబైనదే. అయితే ఉచ్చారణ బాగులేదనుట ఫిర్యాదు, ఏ పదమున ఏ యక్షరము చెడినదో చూపుట విమర్శ.

సినిమా వెలుపలి సంగీతమునకు ఈ యన్యాయము ఇంకను హెచ్చు. 1974లో ఘంటసాల దివంగతుడైన పిదప వెలువడిన ఆయన భగవద్గీత తెలుగువారి వీధులలో ఏ సమయమున మ్రోగునో చెప్పనక్కరలేదు. దూరమునుండి ఆ గొంతు వినబడినంతనే ఎవరో పోయిరని ఊరు తెలిసికొనును. ఒక ఆల్బమునకు ఇట్టి నియోగము లభించుట విమర్శకునకు ఎంతటి విచారణీయాంశము! 1986లో ఇళయరాజా త్యాగరాజునకును బాఖ్‌నకును అంకితము చేసిన వాద్యసంపుటికి 'హౌ టు నేమ్ ఇట్' అని, అనగా దీనికేమని పేరు పెట్టుట యని, ప్రశ్ననే పేరుగా పెట్టెను. జాతుల గోడలను దాటిన రచనకు స్వరకర్తయే ముందుగా వేసిన సమీక్షాప్రశ్న యది. నేడు తెలంగాణ జానపదగీతము, హైదరాబాదు గల్లీభాషలోని ర్యాప్, భక్తిగీతము, కళాశాల కుర్రల బ్యాండు, వేర్వేరుగా వెల్లువెత్తుచున్నవి. ఆస్కార్ వేదికపై పాడిన రాహుల్ సిప్లిగంజ్ సైతము అట్టి సొంత వీడియో పాటలతోనే జనులకు తెలిసినవాడు. వీటిలో ఏది నిలుచునది, ఏది పొల్లు అని విడమరచి చెప్పు దిక్కు లేదు.

సమీక్షకుడు పొరబడడా యందురేమో, పొరబడును. 1967 జూన్‌లో బీటిల్సు బృందము 'సార్జంట్ పెప్పర్స్' ఆల్బమును విడుదల చేయగా, న్యూయార్కు టైమ్సులో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ అను యువ విమర్శకుడు, చివరి పాటను మినహాయించి, అది శబ్దచమత్కారముల పటాటోపమని త్రోసివైచెను. పాఠకులు మండిపడిరి, కాలము వారి పక్షమే తీర్పు చెప్పినది. అయినను అతడు హేతువులు చూపెను గనుక ఎదుటివారు ప్రతిహేతువులు చూపగలిగిరి. ఐదింట మూడు నక్షత్రములు అను అంకెతో ఎవడు వాదింపగలడు?

కనుక మన పత్రికల సంపాదకులకు మనవి: వారమున కొకమారు, అరకాలము స్థలము చాలును. వ్రాయువాడు ఆల్బమును మొదటినుండి తుదివరకు వరుస తప్పక మూడు మారులు వినవలెను. మొదట ఇది ఏ జాతి పాటయో చెప్పి, ఆ జాతి కొలబద్దతోనే కొలువవలెను. కవిని, గాయకుని, తెలిసినంతలో వాద్యకారులను పేరుపేరున తలచుకొనవలెను. నచ్చిన చోటును, నచ్చని చోటును వ్రేలుపెట్టి చూపవలెను. నక్షత్రములు మాత్రము వేయరాదు. పాడిన గొంతును వెంటనే పోల్చుకొను శ్రోత వ్రాసినవాని పేరు తడుముకొనుచున్నా డన్నచో, ఆ లోపము శ్రోతది కాదు, ఆ పేరును అచ్చువేయని మనది.