బాబా శాపం, సేల్ డీడ్

ఢిల్లీకి ఆనుకుని, గుర్‌గావ్ - ఫరీదాబాద్ రోడ్డు పక్కన ఆరావళి కొండల్లో మాంగర్ అనే ఊరుంది. ఆ ఊరి దగ్గరి అడవి పేరు మాంగర్ బనీ. చుట్టుపక్కల కొండల్ని క్వారీలు తినేసినా ఇక్కడి ధౌ చెట్లు మిగిలాయి. గుదరియా దాస్ బాబా కాపాడుతున్నాడని ఊరివాళ్ళ నమ్మకం. కొమ్మ విరిచినవాడికి కీడు తప్పదంటారు.

ఈమధ్య ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. "మీ హేతువాదం ఒక్క చెట్టునైనా కాపాడిందా? మీరు వెక్కిరించే మూఢనమ్మకం ఏకంగా అడవినే కాపాడింది!"

నవ్వి ఊరుకోదగ్గ ప్రశ్న కాదిది. అడవి మిగిలిందన్నది నిజం, ఒప్పుకోవాలి. అయితే పనిచేసింది శాపం కాదు. శాపానికి భయపడి మనుషులు తరతరాలుగా పాటించిన కట్టుబాటు.

ఆ కట్టుబాటు గొడ్డలిని ఆపింది గాని రిజిస్ట్రేషన్‌ని ఆపలేదు. రెవెన్యూ రికార్డులో ఆ నేల 'గైర్ ముమ్‌కిన్ పహాడ్', అంటే సాగుకు పనికిరాని కొండ. అడవి అన్న మాటే లేదు. ఊరి ఉమ్మడి భూమి 1970, 80 దశకాల్లో వ్యక్తుల పేర్ల మీదికి మారింది. తర్వాత చాలావరకు బయటివాళ్ళకి అమ్ముడుపోయింది. కొమ్మ విరవడానికి జంకినవాళ్ళు సంతకం పెట్టడానికి జంకలేదు. బాబా శాపంలో సేల్ డీడ్ ప్రస్తావన లేదు మరి!

నేను ఉద్యోగమంతా రక్షణ శాఖ లెక్కలు చూసినవాణ్ణి. తప్పు పద్దు కింద రాసిన సొమ్ము పెట్టెలో భద్రంగా ఉన్నా, ఏదో ఒకరోజు ఎవరో ఖర్చు పెట్టేస్తారు. అడవి సంగతీ అంతే. 2016లో హర్యానా ప్రభుత్వం 677 ఎకరాల బనీలోనూ, దాని చుట్టూ కొంత మేరా నిర్మాణాలు కూడదని తేల్చాకే కాస్త ఊపిరి ఆడింది.

తేల్చకపోతే ఏమవుతుందో అవే కొండల్లో చూశాం. 1900 నాటి పంజాబ్ భూసంరక్షణ చట్టం కింద ఉన్న నేలలో కట్టిన కాంత్ ఎన్‌క్లేవ్‌ని కూల్చమని 2018లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2021 జూన్‌లో ఖోరీలోని వేలాది పేదల ఇళ్ళను ఆరు వారాల్లో తొలగించమంది. ఆ చట్టం నాలుగో సెక్షన్ కింద ప్రత్యేక ఉత్తర్వులున్న నేల అడవేనని కోర్టు స్పష్టంగా చెప్పింది 2022లో! ఇళ్ళు ముందు, స్పష్టత తర్వాత. ఏజెంటు చూపిన కాగితాన్ని నమ్మి డబ్బు కట్టినవాడిదీ ఒకరకం భక్తే.

కాబట్టి మనం బాబాతో పోట్లాడనక్కర్లేదు. ఏ ఖస్రా నంబరు అడవో, ఎక్కడ ఇల్లు కట్టకూడదో ప్రతి పంచాయతీ గోడ మీద హిందీలో రాయించమని అడుగుదాం. ఆ నియమం ఫామ్‌హౌస్‌కీ, గుడిసెకీ, గుడికీ ఒకటే కావాలి. అడవిని రికార్డులో అడవి అని రాయించడానికి భక్తుడూ హేతువాదీ కలిసి దరఖాస్తు పెట్టవచ్చు.