పిడి యెవరిది?

చాకునకు అలుగే ప్రధానమనియు, పిడి వట్టి తొడుగనియు లోకులనుకొందురు. పదునును మెచ్చువారే కాని పట్టును మెచ్చువారరుదు. మన భాష మాత్రము పట్టును మరువలేదు. పిడి, పిడికిలి, పిడికెడు అను మూడు మాటలును పట్టుకొనుట యను నొక్క భావమునుండియే పుట్టినవి. అలుగు కమ్మరిది కావచ్చును, కర్మాగారముది కావచ్చును. పిడి మాత్రము పట్టుకొనువాని చేతిది. కావున మడతచాకునకు తన చేతికి తగిన పిడిచెక్కలను తానే చేసి బిగించుకొను పనిని మన పాఠశాలలలో పెద్ద తరగతులవారికి నేర్పవలెనని నా యభిప్రాయము.

ఇది వింతకోరిక కాదు. 1891లో స్విట్జర్లాండు సైనికుల చేతికి వచ్చిన తొలి మడతచాకులకు కొయ్యపిడులే యుండెను. నేడు ఆ దేశపు చాకులలో పెక్కింటికి ప్లాస్టిక్ చెక్కలున్నవి. వానిని మెల్లగా ఊడదీసి, తమకు నచ్చిన కొయ్యను అమర్చుకొనువారు అనేక దేశములలో నున్నారు. పూర్వము ఇంగ్లండులోని షెఫీల్డు పనివారు మన యడవుల సాంబరు దుప్పి కొమ్ములను పిడులకు వాడిరి. నేడు వన్యప్రాణులకు చట్టపు రక్షణ కలదు. శేషాచలపు ఎర్రచందనపు అంతర్జాతీయ వ్యాపారమునకు 1995 నుండి సైటీస్ ఒప్పందపు కట్టడి కలదు. అయినను మనకు లోటేమి? బండికిని నాగలికిని పనికివచ్చిన నల్లతుమ్మ చాకుపిడికి పనికిరాదా?

పని చూచుటకు చిన్నది. బాగుగా ఎండిన కొయ్యముక్క నొకదానిని నిలువునా రెండుగా కోసినచో రెండు చెక్కల చారలును జతపడును. అద్దముపై గరుకు కాగితము పరచి, చెక్క లోపలి ముఖమును సమముగా రుద్దవలెను. దానిని చాకు ప్రక్కరేకునకు ఆనించి వెలుతురునకెత్తి చూచినపుడు సందున వెలుగు కనబడినచో పని ముగియలేదన్నమాట. పిదప రేకులోని బెజ్జములే గుర్తుగా బరమాతో తొలిచి, ఇత్తడి చీలలు దూర్చి, జిగురుతో అతుకవలెను. చీలను ఎక్కువ కొట్టినచో చెక్క పగులును; తక్కువ కొట్టినచో వదులగును. జిగురు కీలులోనికి జారినచో చాకు తెరచుకొనదు. పచ్చికొయ్య వాడినచో అది ఎండి కుంచించుకొని సందిచ్చును. తుదకు ఆకురాయితో అంచులరుగదీసి, నునుపుచేసి, అవిసెనూనె పట్టింపవలెను. కొయ్యధూళి ఊపిరిలో చేరకుండ ముక్కునకు గుడ్డ కట్టుకొనుట మరువరాదు.

ఈ పనిలో మార్కులు వేయువాడు ఉపాధ్యాయుడు కాడు; వెలుతురును పిడికిలియునే. పరీక్షాపత్రములో తెలియనిదానిని మాటలతో కప్పవచ్చును. చెక్కకును రేకునకును నడుమనున్న సందును ఏ మాటయు కప్పలేదు. "ఆడలేక మద్దెల ఓడు" అనుటకు ఇక్కడ తావులేదు. తెలుగు బోధించువాడను గనుక మరియొక మాట చెప్పెదను. పద్యమున బిగువు కలదందుము, నడక వదులైనదందుము. ఈ మాటలు చేతిపనులనుండి కవిత్వమునకు వచ్చినవే. రెండు చెక్కల నొకమారు కుదిర్చిన విద్యార్థికి బిగువనగానేమో వ్యాఖ్యానము అక్కరలేదు.

"పిల్లల చేతికి చాకిత్తురా?" అని తల్లిదండ్రులడుగుదురు. అడుగవలసినదే. పిడి బిగించునంతసేపు అలుగు మూసి, గుడ్డతో చుట్టియే యుండవలెను. ఉపాధ్యాయుడు దగ్గర నుండవలెను. పూర్తియైన చాకు పుస్తకములసంచిలో గాక పనిగది బీరువాలో నుండి, చదువు ముగిసిననాడు ఇంటికి పోవలెను. పదునైనదానిని దాచుటకంటె దానిని గౌరవించుట నేర్పుట మేలు.

1937లో వార్ధా సభ చేతిపనిని చదువునకు నడుమ నిలుపవలెనన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిది వరకు గల తరగతులవారికి పుస్తకముల సంచి లేని పదిదినములను సూచించి, వానిని స్థానిక వృత్తిదారుల యొద్ద గడుపుమన్నది. ఆ దినములు వడ్రంగిని చూచివచ్చు విహారముగా ముగియరాదు. ఆ వయస్సున కొయ్య గుణము తెలిసికొన్నవాడు తొమ్మిదవ తరగతిలో తన పిడిని తాను చెక్కుకొనగలడు. అపుడు ఆ వడ్రంగిని "అయ్యా" అని పిలుచుట మర్యాద కొరకు కాక, తెలిసి పిలుచుట యగును. ఉపాధ్యాయులారా! ఏడాదిలో ఒక్క వస్తువునైనను మొదటినుండి తుదివరకు పిల్లలచేత చేయింపుడు. అది సొంపుగా లేకున్నను సరియే. వారి పిడికిలిలో కుదిరిన చాలును.